గ్రౌండ్‌లో పిల్లాడి కాలు మడతపడితే ఏం చేయాలి?

నల్లగొండలో గానీ పాలమూరులో గానీ మన పిల్లలు ఫుట్‌బాల్ ఆడేది ఎక్కువగా మొరం నేలమీదే. ఎండలకు అది బండలా గట్టిపడుతుంది, పైన గులకరాళ్లు. బంతి కోసం గబుక్కున మళ్లిన పిల్లాడి పాదం లోపలికి ఒరిగి చీలమండ బెణుకుతుంది. వెంటనే ఎవరో ఒకరు కాలు పట్టి గుంజుతారు. మా అన్న కొడుక్కి పదమూడేళ్లప్పుడు అదే చేశారు. గుంజి, బామ్ రాసి రుద్ది, రాత్రి ఉప్పు కాపడం పెట్టారు. తెల్లారేసరికి చెప్పు పట్టనంత వాపు. తొమ్మిదో రోజు ఎక్స్‌రే తీస్తే ఎముక చివర పగులు.

అందుకే ముందు ఆట ఆపించి, లేసులు వదులు చేసి షూ మెల్లగా తీయండి. పాదం వంకర తిరిగినా, ఎముక బయటికొచ్చినా ఏదీ కదపకుండా 108కి ఫోన్ చేయండి.

లేదంటే ఎముక చూడండి. చీలమండకు రెండు పక్కలా బుడిపెలుంటాయి కదా, వాటి వెనక అంచును కింది కొస నుంచి నాలుగు వేళ్ల ఎత్తు వరకు ఒక్క వేలితో నొక్కుతూ రండి. తర్వాత పాదం బయటి అంచు మధ్యలో ఉన్న గట్టి ఎముకను, లోపలి పక్క చీలమండకు ముందున్న ఎముకను నొక్కండి. ఎక్కడైనా పిల్లాడు ‘అమ్మా’ అన్నా, నాలుగడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాల్సిందే. కెనడాలోని ఒట్టావా డాక్టర్లు 1992లో చెప్పిన పద్ధతి ఇది. ఎదిగే పిల్లల ఎముక చివర ఉండే మెత్తటి పొర, ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంట్ కంటే బలహీనం. పైకి బెణుకులా కనిపించినా దెబ్బ అక్కడే తగలొచ్చు. ఎక్స్‌రే చూడకుండా నాటుకట్టు దగ్గరికి తీసుకెళ్లకండి.

ఐస్‌ను తడి తువ్వాలలో చుట్టి 15–20 నిమిషాలు పెట్టండి. మొదటి రెండు రోజులు రెండు మూడు గంటలకోసారి ఇలాగే. క్రేప్ బ్యాండేజీ వేళ్ల దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టండి. చుట్టాక బొటనవేలి గోరు నొక్కి వదలండి. తెల్లబడిన చోట రెండు సెకన్లలో రంగు తిరిగి రాకపోతే కట్టు బిగుసుకున్నట్టే, విప్పి మళ్లీ కట్టండి. పడుకున్నప్పుడు కాలు దిండ్ల మీద ఎత్తుగా ఉండాలి. మూడు రోజులు రుద్దడాలు, కాపడాలు వద్దు.

వాపు తగ్గగానే మ్యాచ్‌కు పంపకండి, ఫైనల్ అయినా సరే. దెబ్బ తగిలిన ఒక్క కాలి మీదే నిలబడి మడమ ఎత్తగలగాలి, తొక్కుడుబిళ్ల ఆడినట్టు నొప్పి లేకుండా గెంతగలగాలి. ఆ తర్వాత తిన్నగా పరుగు, ఆపైన మలుపులు, చివరికి మ్యాచ్. ఈలోపు రోజూ పళ్లు తోముకునేటప్పుడు ఆ ఒక్క కాలి మీదే నిలబడమనండి. మావాడు ఇప్పటికీ అలాగే తోముకుంటాడు.