సేజ్‌లో బగ్ దొరికితే దాన్ని పుట్టినింటికి చేర్చడం ఎలా

సేజ్‌మ్యాథ్ (సేజ్) అనే గణిత సాఫ్ట్‌వేర్ అన్ని లెక్కలూ తనే చేయదు, వేరే ప్రోగ్రాములకు అప్పగిస్తుంది. ఇంటిగ్రల్ అడిగితే ముందు మాక్సిమాను పిలుస్తుంది. గ్రూపుల పని గ్యాప్‌ది, సంఖ్యా సిద్ధాంతంలో చాలా భాగం పారీది, గ్రోబ్నర్ బేసిస్‌లు (బహుపది సమీకరణాలను సాధించడానికి వాడేవి) ఎక్కువగా సింగులర్‌వి. కాబట్టి జవాబు తప్పొస్తే ముందు తేల్చాల్సింది, తప్పు ఎవరిదని.

మధ్యవర్తిని పక్కన పెట్టండి. టెర్మినల్‌లో సేజ్ అని కొట్టి, ఖాళీ వదిలి, రెండు హైఫన్లు పెట్టి వెంటనే జీపీ (పారీని నేరుగా వాడే ప్రోగ్రాము), గ్యాప్, సింగులర్, మాక్సిమాలలో ఒకదాని పేరు ఇస్తే అదే నేరుగా తెరుచుకుంటుంది. లెక్కను దాని సొంత భాషలో వేయండి. అక్కడా తప్పొస్తే బగ్ అక్కడిదే. సరిగ్గా వస్తే సేజ్‌కీ దానికీ మధ్య అతుకు దగ్గర చూడాలి: పారీ, గ్యాప్ జాబితాలను 1 నుంచి లెక్కపెడతాయి, పైథాన్ 0 నుంచి.

బగ్‌లా కనిపించి కానివీ ఉన్నాయి. ఎక్స్ పవర్ ఎన్‌ను ఇంటిగ్రేట్ చేయమంటే ఎన్ విలువ మైనస్ 1 అవునా కాదా అని మాక్సిమా అడుగుతుంది, సేజ్ దాన్ని ఎర్రర్‌గా చూపిస్తుంది. ముందే సేజ్‌లోని అస్యూమ్ కమాండ్‌తో షరతు చెబితే సరి. పారీ స్టాక్ (లెక్కలకు అది కేటాయించుకున్న మెమరీ) నిండిపోతే మెమరీ పెంచుకోవాలి, రిపోర్ట్ రాయక్కర్లేదు. రెండు ఇంటిగ్రల్ జవాబులు స్థిరాంకం తేడాతో వేరుగా ఉంటే రెండూ ఒప్పే.

రిపోర్ట్‌లో సేజ్ కోడ్ పెట్టకండి. చదివేవాళ్ల దగ్గర సేజ్ ఉండకపోవచ్చు. నాలుగైదు లైన్లకు కుదించిన ఉదాహరణ, వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, సరైన జవాబు ఏమిటో ఎలా తెలిసిందో రాస్తే చాలు. సేజ్‌తో వచ్చేది పాత విడుదల కావచ్చు, కొత్తదానిలో ఒకసారి ప్రయత్నించాకే పంపండి. గ్యాప్, సింగులర్‌లకు గిట్‌హబ్, మాక్సిమాకు సోర్స్‌ఫోర్జ్, పారీకి దాని సొంత బగ్ జాబితా.

సవరణ అక్కడ ఆమోదం పొందాక, కొత్త విడుదల వచ్చేదాకా సేజ్‌లో ప్యాచ్‌గా, అంటే పాత కోడ్ మీద అతికించే చిన్న సవరణగా, పెట్టుకోవచ్చు. ఆ ప్యాకేజీ ఫోల్డర్‌లోని ప్యాచెస్‌లో డిఫ్ (మార్పుల ఫైల్) వేసి, వెర్షన్ ఫైల్‌లో చివర పీ అక్షరం పక్కనుండే అంకె పెంచండి. పెంచకపోతే మిగతావాళ్ల యంత్రాల్లో అది మళ్లీ బిల్డ్ కాదు. కొత్త విడుదలకు మారేటప్పుడు ప్యాచ్ తీసేయడం మరిస్తే అది అతుక్కోక బిల్డ్ ఆగిపోతుంది. డెబియన్ లాంటి లినక్స్‌లలో సేజ్ సిస్టమ్‌లోని పారీనే వాడుకుంటుంది కాబట్టి మీ ప్యాచ్ అక్కడికి చేరనే చేరదు. సేజ్‌లోనే దాచుకున్న ప్యాచ్ అప్పు లాంటిది.

ఇక టెస్టులు. పారీ వెర్షన్ మారితే ఎలిప్టిక్ కర్వ్ జనరేటర్‌గా (మిగతా బిందువులను పుట్టించే బిందువుగా) పీ అనే బిందువు బదులు మైనస్ పీ రావచ్చు, అదీ సరైనదే. అందుకే అచ్చు జవాబును కాదు, దాని లక్షణాన్ని పరీక్షించండి: బిందువు కర్వ్ మీద ఉందా, రెగ్యులేటర్ (జనరేటర్ల నుంచి లెక్కించే సంఖ్య) సరిపోయిందా అని.

కోడ్‌నే పంచుకుంటే లైసెన్సు చూడాలి. సింపై అనే పైథాన్ గణిత లైబ్రరీది బీఎస్‌డీ లైసెన్సు, షరతులు తక్కువ; సేజ్‌ది జీపీఎల్, దాని కోడ్ వాడినదీ జీపీఎల్ కిందే ఉండాలి. సింపై కోడ్ సేజ్‌లోకి తేవచ్చు. సేజ్ కోడ్ సింపైలోకి వెళ్లదు, రాసినవాళ్లే బీఎస్‌డీ కింద ఇవ్వడానికి ఒప్పుకుంటే తప్ప.