గని రోడ్డు పక్క గట్టు జారుతుందేమోనని అనుమానమా? ముందు పైకెక్కి చూడండి

సింగరేణి ఓపెన్‌కాస్టుల్లో (పైనుంచి తవ్వుకుంటూ పోయే బొగ్గు గనుల్లో) వాన పడ్డాక రోడ్డు మీద నిలబడి గట్టువైపు చూస్తే సరిపోదు, పైకెక్కి అంచుకు కాస్త దూరంగా నడవండి. రోడ్డుకు సమాంతరంగా పగులు కనిపిస్తే దానికి అటొకటి ఇటొకటి మేకు దిగ్గొట్టి, మధ్య దూరం టేపుతో కొలిచి, తేదీ, టైముతో సహా రాసుకోండి. ఆ దూరం నిన్న 2 మిల్లీమీటర్లు పెరిగి, ఇవాళ 5 పెరిగి, అలా రోజురోజుకీ వేగం పెరుగుతుంటే ఇక కొలుస్తూ కూర్చోవద్దు, వెంటనే డంపర్లు ఆపించండి, కింద తిరిగేది మన మనుషులే. పగులు కదలకుండా ఉంటే బంకమట్టితో పూడ్చండి. లోపలికి నీళ్లు దిగితే మట్టి బరువెక్కి పట్టు వదిలేస్తుంది.

తర్వాత కింద చూడండి. గట్టు అడుగు ఉబ్బిందా? ఊట నీళ్లు ఉన్నట్టుండి బురదగా మారాయా? డ్రైన్ పూడిందా? రోడ్డు వెడల్పు కోసం గట్టు అడుగున మాత్రం తవ్వొద్దు, పైబరువును ఆపుతున్నది అదే. వాన ఆగినా ఇంకో రెండు మూడు రోజులు కొలుస్తూనే ఉండండి, నీళ్లు లోపలికి ఇంకడానికి టైం పడుతుంది.