ఒకే వాచకంతో తరగతిలో అందరినీ చదివించడం ఎలా

మూడో తరగతి వాచకం మూడో తరగతి పిల్లలందరూ చదవగలరనే లెక్కతో తయారవుతుంది. తరగతిలో మాత్రం కొందరు గడగడా చదువుతారు, కొందరు ఒత్తుల దగ్గర ఆగిపోతారు, కొందరికి గుణింతమే ఇంకా పట్టుబడి ఉండదు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో నగరి, సత్యవేడు, కుప్పం వైపు బడుల్లో ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడే పిల్లలూ ఉంటారు. వెనకబడిన పిల్లల దగ్గర వాచకం తీసేసి అక్షరాల పుస్తకం ఇవ్వకండి. పాఠంలోని కథా, దాని మీద మాట్లాడే హక్కూ అందరివీ. పాఠం అందరికీ అదే ఉండాలి. ఎవరు ఎంత చదవాలి, ఎంత సాయంతో చదవాలి అన్నదే మారాలి.

ముందుగా పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి చదివించి చూడండి. ఇప్పటికే చెప్పిన పాఠం ఇస్తే కంఠతా వచ్చింది అప్పజెప్పేస్తారు. అందుకని కిందటి తరగతి స్థాయిలో, వాళ్లు చూడని భాగం నుంచి 50 పదాలు ఎంచుకోండి. ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు చాలు. రోజుకు ఆరుగురి చొప్పున చూస్తే ముప్పై మంది తరగతి వారంలోపు పూర్తవుతుంది. తప్పులు రెండుకు మించకపోతే ఆ స్థాయి పాఠం సొంతంగా చదువుకోగలరు. మూడు నుంచి ఐదు వస్తే సాయం కావాలి. అంతకు మించితే ఆ పాఠం నేరుగా చదివించకూడదు, వినిపించాలి.

తప్పుల సంఖ్య కన్నా వాటి రకం రాసుకోవడం ముఖ్యం. ప-వ, ద-ధ-థ, మ-య లాంటి పోలికల దగ్గరా? 'పాడు'ను 'పడు' అని చదివే దీర్ఘం దగ్గరా? ఒత్తు దగ్గరా? పొడుగు పదం విడదీయలేకా? 'వచ్చాడు' అని ఉంటే మన పిల్లలు 'వచ్చినాడు' అనీ, 'ఉంది'ని 'ఉండాది' అనీ చదువుతారు. అర్థం పట్టుకుని చదివినప్పుడే అలా వస్తుంది కనుక దాన్ని తప్పుగా లెక్కపెట్టకండి. తమిళ లిపిలో క-గలకు, ప-బలకు వేరువేరు అక్షరాలు లేవు. ఆ ఇళ్ల పిల్లలు 'గ'ను 'క'గా పలికితే, 'గ' ఏదో చూపించమనండి. సరిగ్గా చూపిస్తే చదవడం వచ్చినట్టే, ఉచ్చారణ తర్వాత చూసుకోవచ్చు.

దీన్నిబట్టి మూడు గుంపులు చేయండి. 'మొదటి గుంపు, ఆఖరి గుంపు' అన్న పేర్లు పిల్లల మీద ముద్రలా మిగిలిపోతాయి. స్వర్ణముఖి, నీవా, కౌండిన్య అని మన నదుల పేర్లు పెట్టుకోండి.

ఇక పాఠాన్ని సిద్ధం చేయాలి. పాఠంలో ఇలాంటి వాక్యం ఉందనుకోండి: 'దామలచెరువు మార్కెట్టుకు తోతాపురి కాయలు తెచ్చిన రైతులు ధర పెరుగుతుందనుకున్నారు.' బాగా చదివేవాళ్లు దీన్ని ఉన్నదున్నట్టు చదువుతారు. నడిమి గుంపు పుస్తకాల్లో పొడుగు పదాన్ని పెన్సిల్ గీతతో 'పెరుగుతుంది / అనుకున్నారు' అని విడగొట్టించండి. గుణింతం దగ్గరున్న వాళ్లకు అదే పాఠాన్ని ఐదు చిన్న వాక్యాలుగా చార్టు మీద పెద్దక్షరాలతో రాయండి: 'రైతు కాయలు కోసాడు. బండిలో వేసాడు.' రైతు, కాయలు, బండి లాంటి ఒత్తులేని మాటలే ఆ వారం వాళ్ల అభ్యాసం.

నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో మొదటి ఐదు నిమిషాలు బొమ్మ చూపించి మాట్లాడించండి. తర్వాతి పది నిమిషాలు మీరు పాఠం చదవండి, అందరూ వేలు పెట్టి అనుసరించాలి. ఇరవై నిమిషాలు గుంపుల పని. చివరి పది నిమిషాలు అందరినీ కూర్చోబెట్టి ప్రశ్నలు అడగండి, మొదటి ప్రశ్న చార్టు చదివిన వాళ్లకే వేయండి. కథ విన్నారు కాబట్టి చెప్పగలరు. గుంపుల పనిలో మీరు కూర్చోవాల్సింది గుణింతం గుంపు దగ్గర. మిగతా రెండు గుంపుల పిల్లల్ని ఇద్దరిద్దరిగా జతపరచండి: బాగా చదివే పిల్లకు నడిమి గుంపు పిల్లాడు జత. బాగా చదివేవాళ్ల పక్కన గుణింతం రానివాళ్లను కూర్చోబెడితే ఒకరు చదువుతారు, రెండోవాళ్లు చూడకుండా వెంట పలుకుతారు.

ఎక్కువ మంది ఆగిపోయేది ఒత్తుల దగ్గరే, అక్కడ తొందరపడకండి. అమ్మ, అక్క, పప్పు లాంటి ద్విత్వాలతో మొదలుపెట్టండి. చాలా ఒత్తులు తలకట్టు తీసేసిన అక్షరంలాగే ఉంటాయి. త, న, మ, య, ర, ల ఒత్తులకు మాత్రం రూపమే వేరు కాబట్టి వాటిని విడిగా, రోజుకొకటి చొప్పున నేర్పండి. తర్వాత సంయుక్తాలు. 'శక్తి'ని 'శకిత' అని చదివే పిల్లాడు అజాగ్రత్తగా చదవడం లేదు. గుడి కనబడేది 'క' మీద, పలకాల్సింది 'త' తర్వాత. వాడు కనబడింది కనబడినట్టు చదువుతున్నాడు. పలక మీద 'శక్ – తి' అని పొల్లుతో విడదీసి రాయించి, పక్కనే 'శక్తి' రాయించండి. ముక్తి, భక్తి, కుస్తీ, దోస్తీ ఇలాగే చేయిస్తే కిటుకు తెలుస్తుంది.

పిల్లలు ఒక మాట దగ్గర ఆగితే వెంటనే అందించకండి. మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టి, అప్పటికీ రాకపోతే మొదటి అక్షరం మాత్రం చెప్పండి.

అందరూ కలిసి గొంతెత్తి చదివితే తరగతి బాగా సాగుతున్నట్టు అనిపిస్తుంది, చదవలేని పిల్లలు ఆ గొంతుల్లో కలిసిపోతారు. నిజంగా చదువుతున్నారో లేదో తెలియాలంటే పేజీ మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి అడగండి, లేదా కింది వరుస నుంచి పైకి చదివించండి. పాఠం చూసి రాయమనడం కూడా అంతే. చేతికి పని దొరుకుతుంది తప్ప చదవడం రాదు.

చిన్న తరగతుల చదువు, లెక్కల కోసం కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో మూడో తరగతికి నిమిషానికి కనీసం 60 పదాలు అని ఉంది. తెలుగులో ఒక్క మాటలోనే రెండు మూడు మాటలు కలిసి ఉండొచ్చు కాబట్టి గడియారం పట్టుకుని తరమకండి. తప్పులు తగ్గాకే వేగం చూడండి.

మూడు వారాలకొకసారి కొత్త 50 పదాలతో మళ్లీ చదివించి గుంపులు మార్చండి. రెండుసార్లు చూసినా కదలిక లేకపోతే, ముందు పిల్లల్ని నల్లబల్లకు దగ్గరగా, తర్వాత దూరంగా కూర్చోబెట్టి చదివించండి. వెనక నిలబడి మెల్లగా పేరు పెట్టి పిలిచి చూడండి. తేడా కనబడితే తల్లిదండ్రులకు చెప్పి, దగ్గరి పీహెచ్‌సీలో కళ్లూ చెవులూ చూపించమనండి.