సి ప్లస్ ప్లస్‌లో ఫోర్‌ట్రాన్ కలిపితే వచ్చే లింకర్ ఎర్రర్: నాకు పనిచేసిన పద్ధతి

పాత ఫోర్‌ట్రాన్ సబ్‌రొటీన్‌ను సి ప్లస్ ప్లస్ ప్రోగ్రామ్ నుంచి పిలిచినప్పుడు, రెండు ఫైళ్లూ విడివిడిగా చక్కగా కంపైల్ అయినా, వాటిని ఒకే ప్రోగ్రామ్‌గా కలిపే లింకింగ్ దశలో "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" (పిలిచిన పేరు ఎక్కడా దొరకలేదు) అని ఆగిపోయేది. ఆప్టిమైజేషన్ తగ్గించడం, లైబ్రరీ పాత్‌లు మార్చడం, అన్నీ తుడిచి మళ్లీ బిల్డ్ చేయడం, ఏదీ ఫలించలేదు.

దారి చూపింది ఎర్రర్ సందేశమే. అందులో ఫంక్షన్ పేరు పక్కన బ్రాకెట్లలో ఆర్గ్యుమెంట్ల రకాలు కూడా కనిపిస్తే, లింకర్ వెతుకుతున్నది సి ప్లస్ ప్లస్ పద్ధతిలో మార్చిన పేరు అని అర్థం. అందుకే ముందుగా, కంపైల్ చేస్తే వచ్చిన రెండు ఆబ్జెక్ట్ ఫైళ్లపైనా, వాటిలోని పేర్లను చూపే ఎన్ఎం (nm) కమాండ్ నడిపాను. ఫోర్‌ట్రాన్ వైపు పేరు చిన్న అక్షరాల్లో, చివర ఒక అండర్‌స్కోర్‌తో ఉంది; సి ప్లస్ ప్లస్ వైపు అదే పేరు ముందు, వెనక అదనపు అక్షరాలు చేరి ఉన్నాయి.

తరువాత సబ్‌రొటీన్‌కు, సి భాష పద్ధతిలో పేరు పెట్టించే బైండ్ సి (bind(C)) జోడించి, సి రకాలకు సరిపోయే రకాలుండే ఐసో సి బైండింగ్ (iso_c_binding) మాడ్యూల్‌లోని రకాలతో ఆర్గ్యుమెంట్లను ప్రకటించి, సి ప్లస్ ప్లస్ ప్రకటనను, పేరు మార్చవద్దని కంపైలర్‌కు చెప్పే ఎక్స్‌టర్న్ సి (extern "C") లోపల ఉంచాను. మళ్లీ ఎన్ఎం నడిపితే రెండు పేర్లూ ఒకటే అయ్యాయి. అప్పుడు జీఫోర్‌ట్రాన్ (జీసీసీలోని ఫోర్‌ట్రాన్ కంపైలర్) అని మొదలయ్యే పేర్లు దొరకలేదంటూ కొత్త ఎర్రర్లు వచ్చాయి. అవి ఫోర్‌ట్రాన్ కోడ్ నడవడానికి కావలసిన రన్‌టైమ్ లైబ్రరీవి కనుక, దానిని లింక్ కమాండ్‌లో ఆబ్జెక్ట్ ఫైళ్ల తరువాత, చివరన చేర్చగానే ప్రోగ్రామ్ నడిచింది. ప్రోగ్రామ్ ఫైల్‌లోనే కలిసిపోయే స్టాటిక్ లైబ్రరీలకు ఈ వరుస తప్పనిసరిగా చూసుకోవాలి.

ఇది లినక్స్‌పై జీసీసీ కంపైలర్లతో చేసినది. బైండ్ సి ఫోర్‌ట్రాన్ 2003 ప్రమాణంలోనిదే కాబట్టి ఇతర కంపైలర్లలోనూ ఆ భాగం పనిచేయాలి. రన్‌టైమ్ లైబ్రరీ పేరు మాత్రం వేరుగా ఉంటుంది.