కీటకాహారి మొక్కలు, నాలుగో పాఠం: ఒకే టబ్బులో ఎవరెవరు ఇముడుతారు

ఈసారి నాటించేద్దామనే అనుకున్నాను. పోయిన పాఠం తర్వాత మీరు పంపిన ఫొటోలు చూశాక ఆగాల్సొచ్చింది. కొసలు నల్లబడ్డ డ్రోసెరాలు (ఆకుల మీది జిగురు బొట్లతో పురుగులు పట్టేవి), జిగురు బొట్లు ఎండి బోడిగా మిగిలిన ఆకులు, ఒకరి టబ్బు అంచు చుట్టూ ముగ్గుపిండితో గీసినట్టు తెల్లటి చార. అందరిదీ ఒకటే మాట: "మీరన్నట్టు ఫిల్టర్ నీళ్లే పోశామండీ."

తప్పు నాదే. "ఫిల్టర్ నీళ్లు" అని రాసి ఊరుకున్నాను. కుళాయికి తగిలించే క్యాండిలూ ఫిల్టరే, వీధి చివర నింపించే ఇరవై లీటర్ల క్యానూ ఫిల్టర్ నీళ్లే, వంటింటి గోడకున్న ఆర్వో మెషీనూ ఫిల్టరే. క్యాండిల్ మురికిని ఆపుతుంది గానీ కరిగిన లవణాల జోలికి పోదు. ఈ మొక్కల గొడవంతా ఆ లవణాలతోనే. పోషకాల్లేని బురదలో పుట్టి, నత్రజని కోసం పురుగులు పట్టడం నేర్చుకున్న మొక్కల వేళ్లు అవి. ఉప్పు నీళ్లకు తట్టుకోలేవు.

ఆర్వో ఉంది కదా అని ధీమా పడకండి. చాలా మెషీన్లలో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) కంట్రోలర్ అని చిన్న మర ఉంటుంది. నీళ్లు చప్పగా ఉన్నాయని మనమే మెకానిక్‌తో దాన్ని తిప్పిస్తాం. అది మెంబ్రేన్ (లవణాలను ఆపే పొర) గుండా పోని నీళ్లను కాసిని తెచ్చి, పోయిన నీళ్లలో కలుపుతుంది. కొన్నిటికి ఆపైన మినరల్ కార్ట్రిడ్జి ఒకటి. కాల్షియం, మెగ్నీషియం మళ్లీ కలిపి ఇస్తుందన్నమాట. ఒకరైతే బోరు నీళ్లు కాచి చల్లార్చి పోశారట! కాస్త సున్నం గిన్నెకు అంటుకుంటుందేమో గానీ, మిగతా లవణాలు ఎక్కడికీ పోవు. నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడతాయి.

లెక్క చూడండి. టీడీఎస్ 100 అంటే లీటరుకు 100 మిల్లీగ్రాములు. ఏప్రిల్ ఎండకు టబ్బు రోజుకు లీటరు తాగిందనుకుందాం. నీళ్లు గాలిలో కలుస్తాయి, లవణాలు టబ్బులోనే ఉంటాయి. నెలకు 3 గ్రాములు, అంటే అర టీస్పూను. అదే 800 ఉన్న బోరు నీళ్లయితే 24 గ్రాములు. నాలుగు టీస్పూన్ల ఉప్పు తెచ్చి మొక్క మొదట్లో పోస్తారా? అందుకే టీడీఎస్ మీటరు కొనండి, రెండు మూడు వందల్లో వస్తుంది. 50 లోపు చూపిస్తే కళ్లు మూసుకుని పోయండి. 100 దాటితే ఆ నీళ్లు తులసికి.

నేనైతే ఏసీ గొట్టం కింద బకెట్ పెడతాను. గాలిలోని చెమ్మే కదా, లవణాలు దాదాపు ఉండవు. సర్వీసింగ్ చేయించిన వారం మాత్రం ఆ నీళ్లు పారబోయాలి, కాయిల్ కడిగిన మందు వాటిలో దిగుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన నీళ్లు డ్రమ్ముల్లో పడతాను. మొదటి వాన వదిలేస్తాను, డాబా మీది దుమ్మంతా అందులోనే వస్తుంది. డ్రమ్ముకు గుడ్డ కట్టడం మరవకండి, లేదంటే దోమలు.

ఇక టబ్బు. ప్లాస్టిక్‌దే, లోతు ఒక అడుగు. సిమెంటు కుండీ వద్దు, సున్నం ఊరుతుంది. అడుగున బెజ్జం మూసేసి, మట్టి మట్టానికి నాలుగు వేళ్ల కింద పక్కన బెజ్జం వేయండి. వాన ఎక్కువైతే అటు పోతుంది. మట్టి అంటే పీట్ మాస్ (బురదనేలల్లో చివికిన నాచు) రెండు పాళ్లు, పెర్లైట్ (తెల్లటి తేలిక గుళికలు) ఒక పాలు. పెర్లైట్ బదులు రోబో శాండ్ వేద్దామని చూడకండి, అది రాతిపొడి. పీట్ దొరక్క కోకోపీట్ వాడేవాళ్లు పిండిన నీళ్ల రీడింగ్ 100 లోపుకు దిగేదాకా కడుగుతూనే ఉండాలి. ఎరువు వేయొద్దన్న సంగతి మళ్లీ చెప్పను.

ఇప్పుడు కాపురం ఎవరెవరికి కుదురుతుందో చూద్దాం. ఫొటోల్లో ఫ్లైట్రాప్ (ఆకు మూసి పురుగును పట్టేది), నెపెంథిస్ (కూజాల్లాంటి ఆకులది), డ్రోసెరా పక్కపక్కనే నవ్వుతుంటాయి. ఫొటో తీసిన ఆర్నెల్లకు ఆ టబ్బు ఎలా ఉందో ఎవరూ చూపించరు.

ఫ్లైట్రాప్‌ది అమెరికాలోని కరోలినా ప్రాంతం. చలికాలం మూణ్ణెల్లు నిద్రపోవాలి. మన డిసెంబరు రాత్రుల చలి దానికి చాలదు. దాన్ని విడిగా చిన్న కుండీలో పెంచి, డిసెంబరులో తీసి, తడి నాచు చుట్టి, కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పడుకోబెడతాను. మా ఇంట్లో ఒకసారి కొత్తిమీర కట్టనుకుని కత్తిపీట దాకా తీసుకెళ్లారు. నిటారు గొట్టాల్లాంటి ఆకుల సర్రాసీనియాకూ నిద్ర కావాలి, దాన్నీ కలపొద్దు.

నెపెంథిస్‌కు నిద్ర అక్కర్లేదు గానీ వేళ్లకు గాలి కావాలి, నీళ్లలో కూర్చుంటే కుళ్లుతుంది. మన దేశపు ఒకే ఒక్క నెపెంథిస్, ఖాసియానా, మేఘాలయ కొండల్లోది. దాన్ని కడిగిన కొబ్బరి పీచు ముక్కలు, బొగ్గు నింపిన బుట్టలో పెట్టి టబ్బు పైన వేలాడదీయండి. పక్కపక్కన పెట్టామన్న సరదా తీరుతుంది.

టబ్బులోకి మిగిలినవి డ్రోసెరా, యుట్రిక్యులేరియా (చిన్న చిన్న సంచులతో పురుగులు పట్టేది). డ్రోసెరా బర్మానీ, ఇండికా మన తెలంగాణ తడి ఇసుక నేలల్లోనూ మొలుస్తాయి. అక్కణ్నుంచి పెకలించి తేకండి, విత్తనం కొనండి. ఇవి ఏడాదికి పోయినా గింజ రాల్చి మళ్లీ వస్తాయి. నాకు బర్మానీయే ఇష్టం, నేలకు అతుక్కుని రూపాయి బిళ్లలా ఎర్రగా ఉంటుంది. స్పాటులాటా అనే ఇంకో డ్రోసెరా మన ఎండకు కాస్త ఓర్చుకుంటుంది. యుట్రిక్యులేరియా మాత్రం ఇచ్చిన జాగాతో ఊరుకునే రకం కాదు. సన్నటి తీగలు మట్టి లోపల పాకిపోతాయి. అందుకే దాన్ని అడుగు కోసేసిన పెరుగు డబ్బాలో నాటి, ఆ డబ్బాను టబ్బులో పాతుతాను.

ఇంటిపని. మీ ఇంటికొచ్చే నీళ్లన్నీ (బోరు, మంజీరా, ట్యాంకరు, క్యాను, ఆర్వో, ఏసీ) వారం పాటు పొద్దునా సాయంత్రం కొలిచి రాయండి. తర్వాత మొక్కల్లేని టబ్బు నింపి, రెండు వారాలు మీరెంచుకున్న నీళ్లు పోస్తూ, రోజూ పక్క బెజ్జం నుంచి కారిన నీళ్లు కొలవండి. అంకె దిగుతూ రావాలి, పెరిగితే మట్టి మార్చి మొదట్నుంచి. మూడు వారాల పట్టిక లేకుండా మొక్క కొన్నవాళ్లు నల్లబడ్డ ఆకుల ఫొటో నాకు పంపకండి.