చేతివాటం లాంటిదే మనసువాటం: సంఘంలో ఎవరి తీరు ఏమిటో తెలుసుకునే పద్ధతి

శ్రీకాకుళం పల్లెల్లో ఏ డ్వాక్రా సంఘం మీటింగైనా చూడండి. అప్పు ఎవరికివ్వాలన్న మాట రాగానే ఇద్దరు గలగలా మాట్లాడేస్తారు, నలుగురు తలూపుతారు. మిగతావాళ్లు ఇంటికెళ్లే దారిలో "అలక్కాదప్పా, ఇలా చేస్తే బాగుణ్ణు" అంటారు. ఆ మాట మీటింగులో ఎందుకు రాలేదని కోప్పడే ముందు ఎవరి వాటం ఏమిటో చూసుకోవాలి.

మొదట రెండు నిమిషాల పని. అందరికీ తలో కాగితం ఇచ్చి సంతకం పెట్టమనండి, తర్వాత రెండో చేత్తో పెట్టమనండి. సంతకం రానివాళ్లు చిన్న ముగ్గు గీస్తే చాలు. రెండోది కుదురుతుంది గానీ నిదానంగా, వంకరగా వస్తుంది, ధ్యాసంతా దానిమీదే పెట్టాలి. స్వభావమూ అంతే. అలవాటు లేని తీరులో పని చెయ్యలేమని కాదు, చేస్తే అలసట ఎక్కువ. (ఇక్కడ చేతివాటం అంటే దొంగల చేతివాటం కాదని ముందే చెప్పెయ్యండి, లేకపోతే నవ్వులతోనే పావుగంట పోతుంది.)

స్విట్జర్లాండ్ మానసిక వైద్యుడు కార్ల్ యూంగ్ 1921లో చేసిన మనుషుల స్వభావాల వర్గీకరణే దీనికి మూలం. అమెరికాలో కాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మయర్స్ దాన్ని ఎదురెదురు తీరుల నాలుగు జంటలుగా, 16 రకాలుగా విడదీసి ప్రశ్నావళి తయారుచేశారు. ఆ 16 పేర్లు మీకు అక్కర్లేదు, నాలుగు జంటలు చాలు.

పది అడుగుల తాడు నేలమీద పరిచి, సుద్దముక్కతో అడుగుకో గీత గియ్యండి. ఒక జవాబుకి ఈ చివర సున్నా, రెండో జవాబుకి ఆ చివర పది. ప్రశ్న అడిగాక, నిలబడే ముందే ఎవరి అంకె వాళ్లు చీటీమీద రాసుకోవాలి. ఇది మానేస్తే అందరూ లీడరమ్మ పక్కకే చేరతారు, ఆట అక్కడితో పాడవుతుంది.

మొదటి జంట బహిర్ముఖం (నలుగురిలో ఉంటే ఓపిక రావడం), అంతర్ముఖం (ఒక్కరూ ఉంటే ఓపిక రావడం). "మూడు రోజుల పెళ్లి అయింది. నాలుగో రోజు పొద్దున్న ఇంకో పదిమందితో కబుర్లు కావాలా, తలుపు దగ్గరేసుకుని కాసేపు ఒక్కరూ ఉండాలా?" అని అడగండి. చూడాల్సింది ఓపిక ఎక్కడినుంచి వస్తుందన్నది, బిడియం కాదు. ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. అత్త ఎదురుగా కూర్చున్న కోడలు మాట్లాడదు, అది మర్యాద. కన్నవారింటికెళ్లినప్పుడు ఆమె ఎలా ఉంటుందో అడిగి, అప్పుడు అంకె వేసుకోమనండి.

రెండో జంటకి తాడు కన్నా వస్తువు మేలు. ఒక పొందూరు ఖద్దరు ముక్క మధ్యలో పెట్టి, మూడు నిమిషాల్లో ఐదు వాక్యాలు చెప్పమనండి, రాయలేనివాళ్లవి మీరే రాసుకోండి. ఒకరు అంచు రంగు, నూలు సన్నదనం, మూలనున్న మరక చెబుతారు. ఇంకొకరు తాతగారి పంచె గురించి, ఇలాంటివి విశాఖలో అమ్మితే ఎలా ఉంటుందో చెబుతారు. మొదటివారి చూపు ఉన్నదానిమీద, రెండోవారిది రాబోయేదానిమీద. లెక్కల పుస్తకం మొదటివారికి, కొత్త సరుకు ఆలోచన రెండోవారికి అప్పగించి, నెలకోసారి ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టండి.

మూడోది నిర్ణయం. ఒక సభ్యురాలు రెండు కిస్తీలు కట్టలేదనుకోండి. "మన తీర్మానంలో ఏం రాసుకున్నాం?" అనేవారొకరు, "వాళ్లింట్లో ఏటయింది?" అనేవారొకరు. మొదటావిడకి జాలి లేదనీ, రెండో ఆవిడకి తెలివి లేదనీ అనుకోకండి. ఎవరు ఏ ప్రశ్న ముందు వేస్తారన్నదే తేడా.

నాలుగోది ముందే ఏర్పాట్లు చేసుకునే తీరు, అప్పటికప్పుడు చూసుకునే తీరు. ఇది త్వరగా తేలిపోతుంది. రథసప్తమికి అరసవల్లి వెళ్లాలంటే పది రోజుల ముందే వ్యాను మాట్లాడేవాళ్లు ఒక చివర, "ఆ రోజు కాంప్లెక్సుకెళ్తే బస్సు దొరకదా" అనేవాళ్లు ఇంకో చివర.

నాలుగింటికీ కలిపి ముప్పావుగంట పడుతుంది. చాలామంది నాలుగు, ఐదు, ఆరు దగ్గరే నిలబడతారు. అది తప్పు కాదు. మనుషుల స్వభావాలు ఎక్కువగా మధ్యలోనే ఉంటాయి. ప్రశ్నావళి కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తే కొందరికి వేరే రకం రావడానికి అదే ముఖ్య కారణం. అందుకే పరిశోధకులు పెట్టెల్లో సర్దే పద్ధతి కన్నా, ఐదు గుణాలను ఎక్కువ తక్కువలుగా కొలిచే పద్ధతినే ఎక్కువ నమ్ముతారు. మీరూ పుస్తకంలో అంకె రాయండి, పేరు పెట్టకండి. ఉద్యోగానికి మనిషిని ఎంచడానికి దీన్ని వాడొద్దని ఆ ప్రశ్నావళి ప్రచురించేవాళ్లే చెబుతారు. జాతకాల్లో పొంతన చూసినట్టు పెళ్లి సంబంధాలకి వాడటం మరీ అన్యాయం.

మీటింగు తీరు మాత్రం ఆ వారమే మార్చండి. అజెండా ముందురోజే చెప్పండి. ప్రశ్న వేశాక మనసులో పది లెక్కపెట్టి, అప్పుడు మాట్లాడనివ్వండి. మొదటి రెండు మీటింగుల్లో ఆ మౌనం ఇబ్బందిగానే ఉంటుంది, మధ్యలో మీరే నోరు తెరవకండి.

చీటీలు దాచి ఆరు నెలలకి మళ్లీ ఆడించండి. ఒకటి రెండు అంకెలు జరగడం మామూలే. ఐదారు జరిగితే ప్రశ్న సరిగ్గా అర్థం కాలేదో, ఆ రోజు ఇంట్లో ఏదైనా చికాకు ఉందో అడిగి చూడండి.