వించ్‌కు కరెంటు లాగే ముందు జాగ్రత్తలు

బెంగళూరు నుంచి సకలేశపుర బురద దారులకు వెళ్లే జీపులకు వించ్ (కూరుకుపోయిన బండిని తాడుతో బయటికి లాగే కరెంటు మోటారు) బిగిస్తారు సరే, అది కోరే కరెంటు గురించి మాత్రం చివర్లో ఆలోచిస్తారు. జె.సి. రోడ్డులో సామాను కొనకముందే ఇవి చూసుకోండి.

• ముందు లెక్క. 9,500 పౌండ్ల వించ్ పూర్తి బరువు లాగేటప్పుడు 12 వోల్టుల వద్ద 400 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ఇచ్చేది సాధారణంగా 100 ఆంపియర్లకు అటూ ఇటూ, అదీ ఇంజను వేగంగా తిరుగుతుంటేనే. మిగతాదంతా బ్యాటరీ మీద పడుతుంది. అందుకే పెద్ద ఆల్టర్నేటర్ కన్నా ముందు మంచి బ్యాటరీకి డబ్బు పెట్టమంటాను. ఉన్న బ్యాటరీ పాతదైతే లోడ్ టెస్ట్ (భారం పెట్టి దాని సత్తా చూసే పరీక్ష) చేయించండి.

• కేబుల్ దగ్గర పొదుపు వద్దే వద్దు. 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ రానుపోను 5 మీటర్లుంటే, 400 ఆంపియర్ల వద్ద సుమారు 1 వోల్టు దారిలోనే వేడిగా మారిపోతుంది. రాగిపూత వేసిన అల్యూమినియం కేబుల్ పైకి అచ్చం రాగిలాగే ఉంటుంది. కొనే ముందు తీగ కొసను గీకి చూడండి.

• బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద కరెంటును కొలిచే సెన్సర్ ఉన్న బండి అయితే వించ్ ఎర్త్‌ను (నెగటివ్ కేబుల్‌ను) అక్కడ కాకుండా తయారీదారు చూపిన చోటే బిగించాలి.

• వించ్‌కు కరెంటు పూర్తిగా ఆపేసే ఐసొలేటర్ స్విచ్ బ్యాటరీకి దగ్గరగా, చేతికి అందేలా ఉండాలి. కేబుల్ పైతొడుగు బంపరు అంచుకు రాసుకుని చిరిగితే మంట అంటుకోవడానికి క్షణాలు చాలు. సైలెన్సర్ గొట్టానికి దూరంగా లాగండి.

• ఉంగరం, కడియం, వాచీ తీసేయండి. బ్యాటరీ నెగటివ్ కేబుల్ ముందు విప్పాలి, చివర బిగించాలి. అప్పుడు పాజిటివ్ విప్పుతున్న స్పానర్ బాడీకి తగిలినా షార్ట్ కాదు.